మీ ఇంట్లో రాయి పట్టుకురండి: కడపలో మ్యూజియం సభ్యులతో మూడేళ్ళు

మేం పెట్టిన మొదటి సభ్యుల సాయంత్రానికి 40 కుర్చీలు వేశాం. వచ్చింది 11 మంది. అందులో నలుగురు మా సిబ్బందే, ఒకాయనైతే బయట వాన పడుతోందని లోపలికొచ్చి కూర్చున్నాడు, వాన తగ్గగానే చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు మిగిలిపోయిన 60 సమోసాలు ఏం చేశామో ఇప్పటికీ మా వాచ్‌మన్ నవ్వుతూ గుర్తు చేస్తుంటాడు.

మ్యూజియం సభ్యుల కోసం కార్యక్రమాలు పెట్టే పని చేస్తున్నవాళ్ళకీ చెయ్యాలనుకునేవాళ్ళకీ పనికొస్తుందని ఇది రాస్తున్నాను. ఏం చేశామో, ఏది పనిచేసిందో, ఏది మా మొహాన కొట్టిందో ఉన్నదున్నట్టు చెప్తాను.

మాది చిన్న మ్యూజియం. కడపలో ఒక ట్రస్టు నడిపే మూడు గదుల ప్రకృతి చరిత్ర సంగ్రహం. రిటైరైన భూగర్భశాస్త్రం లెక్చరర్ ఒకాయన బతుకంతా పోగేసిన రాళ్ళు, ఖనిజాలు, ఎండబెట్టి కాగితాలకి కుట్టిన మొక్కలు, ఫార్మలిన్ సీసాల్లో పాములూ తేళ్ళూ ఆయన పోయాక ట్రస్టుకొచ్చాయి. ఊళ్ళో మ్యూజియం అంటే అందరికీ తెలిసింది భగవాన్ మహావీర్ ప్రభుత్వ మ్యూజియం, అక్కడ శిల్పాలుంటాయి. మా దగ్గరికొచ్చినవాళ్ళు రెండు నిమిషాలు చూసి "విగ్రహాలు ఏ గదిలో ఉన్నాయి సార్?" అని అడిగేవాళ్ళు. లేవంటే టికెట్ డబ్బులు దండగయినట్టు మొహం పెట్టేవాళ్ళు.

సభ్యత్వం అప్పటికే ఉంది, కుటుంబానికి ఏడాదికి 500. దానికి మేమిచ్చే లాభం ఏడాదంతా ఉచిత ప్రవేశం. టికెట్టేమో 10 రూపాయలు. లెక్క వేసుకోండి, నలుగురున్న ఇల్లు పన్నెండుసార్లకి పైగా వస్తేగానీ గిట్టుబాటు కాదు, మూడు గదుల మ్యూజియానికి ఏడాదిలో పదమూడుసార్లు ఎవడొస్తాడు? చేరినవాళ్ళు ట్రస్టు పెద్దల మొహమాటానికి చేరారు. రెండో ఏడాది కట్టమంటే ఫోన్ ఎత్తరు. కార్యక్రమాల పని నాకప్పగించినప్పుడు చెప్పింది ఒక్కటే, వీళ్ళు మళ్ళీ కట్టేలా చూడు.

మొదటి ఏడాది: ఉపన్యాసాలు

అందరూ చేసేదే చేశాను. నెలకో ఉపన్యాసం. యూనివర్సిటీ నుంచి ఒక ప్రొఫెసర్‌ని పిలిచాం, బెలుం గుహల మీద మాట్లాడారు, నిజం చెప్పాలంటే బాగా మాట్లాడారు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఆ గుహల గురించి రాయడం, తర్వాత దాదాపు వందేళ్ళు ఎవరూ పట్టించుకోకపోవడం, 1982-83లో గెబవర్ అనే ఆయన నడిపిన జర్మన్ బృందం లోపలికి దిగి 3,229 మీటర్లు కొలవడం, అన్నీ చెప్పారు. కానీ స్లైడ్లు 52. ముప్పయ్యో స్లైడు దగ్గర వెనక వరసలో ఒకమ్మ నన్ను చెయ్యూపి పిలిచి, "టీ ఎప్పుడిస్తారు నాయనా, మళ్ళీ బస్సు దొరకదు" అంది.

ఉపన్యాసం తప్పని అనను. అది వినడానికే వచ్చేవాళ్ళుంటే అంతకంటే సులభమైంది లేదు. మా సభ్యులు అలాంటివాళ్ళు కాదు. వాళ్ళు బట్టల షాపు వాళ్ళు, బ్యాంకు ఉద్యోగులు, ఇద్దరు ముగ్గురు టీచర్లు, రిటైరైన ఒక ఆర్టీసీ కండక్టరు. వాళ్ళని గంటన్నర కుర్చీలో కూర్చోబెట్టి మాకు తెలిసింది వాళ్ళకి తెలియదని గుర్తు చేయడం తప్ప మేం చేసిందేం లేదు.

మలుపు జూన్‌లో వచ్చింది. ఉపన్యాసం మొదలవక ముందు ఒకతను సైకిల్ మీద వచ్చాడు. సభ్యుడు కాదు. క్యారీబ్యాగులో టవల్, టవల్లో పేపరు, పేపర్లో రాయి. "సార్, ఇది వజ్రమా కాదా ఒక్క మాట చెప్పండి, పోతా."

మా సీమలో తొలకరి పడిందంటే దీని సంగతి వేరే చెప్పక్కర్లేదు. కర్నూలు వైపు తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో, అనంతపురం వైపు వజ్రకరూరు చుట్టుపక్కల, వాన పైమట్టిని కడిగేశాక జనం వంగి నడుస్తూ నేల వెతుకుతారు. దూరాల నుంచి వచ్చి చెట్ల కింద వంటలు వండుకుని మరీ వెతుకుతారు. వజ్రకరూరు దగ్గర నేలలోతు నుంచి పైకొచ్చిన కింబర్లైట్ అనే రాయి ఉంది, లోతుల్లో పుట్టిన వజ్రాల్ని పైకి మోసుకొచ్చింది అదే. అది వాతావరణానికి అరిగి కొట్టుకుపోయి మట్టిలో కలిసింది కాబట్టి వాన తర్వాత ఒక్కోసారి నిజంగానే దొరుకుతాయి. ఇతనూ నాలుగు రోజులు అక్కడ పడుకుని వచ్చాడు.

అది స్ఫటికం, అంటే క్వార్ట్జ్. చూడగానే తెలుస్తోంది, ఆరు పలకలు, పలకల మీద అడ్డంగా సన్న గీతలు. నేను "కాదు" అన్నాను, అంతే, అతను మొహం వేలాడేసుకున్నాడు. అప్పుడు మా ప్రొఫెసర్ గారు (ఆ రోజు వక్త ఆయనే) స్లైడ్లు పక్కన పెట్టి కింద కూర్చుని, గాజు ముక్కొకటి తెప్పించి, "నువ్వే గీసి చూడు" అన్నారు. గీత పడింది. "చూశారా సార్, గాజును కోసింది!" అని అతను లేచి నిలబడ్డాడు. ఊళ్ళో అందరి నమ్మకం అదే, గాజు మీద గీత పడితే వజ్రమని. ప్రొఫెసర్ నవ్వి, మా అద్దాల పెట్టెలోంచి కురువిందం (కెంపు, నీలం జాతి రాయి) ముక్క తెప్పించి అతని చేతికిచ్చి, "ఇప్పుడు దీంతో నీ రాయి మీద గియ్యి" అన్నారు. గీత పడింది. గట్టిదనం కొలతలో గాజు దాదాపు 5.5, స్ఫటికం 7, కురువిందం 9, వజ్రం 10. స్ఫటికం గాజును కోస్తుంది, కురువిందం స్ఫటికాన్ని కోస్తుంది, వజ్రాన్ని మాత్రం కురువిందం ఏం చెయ్యలేదు. అతను ఆ గీత వైపు చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత "సరే సార్, నేనే గీశా కదా" అన్నాడు.

అప్పటికి హాల్లో ఉన్నవాళ్ళంతా అతని చుట్టూ మూగి ఉన్నారు. ఉపన్యాసం జరగనే లేదు. టీ చల్లారిపోయింది, ఎవరూ అడగలేదు. బట్టల షాపాయన "మా ఇంట్లో కూడా ఒకటుంది సార్, మా జేజినాయన తెచ్చింది, వచ్చే వారం పట్టుకొస్తా" అన్నాడు. ఆయన సభ్యత్వం గడువు అప్పటికి నాలుగు నెలల కిందటే అయిపోయింది.

రాళ్ళ ఆదివారం

అలా పుట్టింది. పోస్టర్ మీద ఒకటే వాక్యం, "మీ ఇంట్లో రాయి పట్టుకురండి". నాలుగు బల్లలు. ఒకటి వజ్రమా కాదా బల్ల. రెండోది బరువు బల్ల. మూడోది పొంగు బల్ల, నాలుగోది పేరు తెలియనివి పెట్టే బల్ల.

బరువు బల్ల ఖర్చు లేనిది, పిల్లలకి అదంటేనే ఇష్టం. ఒకే సైజులో రెండు రాళ్ళు, ఒకటి మామూలు సున్నపురాయి, రెండోది మంగంపేట ముగ్గురాయి (బెరైటీస్). రెండూ రెండు చేతుల్లో పెడతాం, అంతే. సున్నపురాయి నీటికంటే సుమారు 2.7 రెట్లు బరువు, ముగ్గురాయి 4.5 రెట్లు. మొదటిసారి పట్టుకున్నవాళ్ళ చెయ్యి కిందికి జారుతుంది, నవ్వొస్తుంది. దాన్ని పొడి చేసి నూనె బావులు తవ్వే చోట బురదలో కలుపుతారనీ, ఆ బరువే లోపలి గ్యాసు తన్నుకురాకుండా అదిమి పెడుతుందనీ అప్పుడు చెప్తే ఎక్కుతుంది. రాయి పట్టుకోక ముందు చెప్తే ఎవరికీ ఎక్కదు, మేం రెండు విధాలా చేసి చూశాం.

పొంగు బల్ల దగ్గర పిల్లలు మేకుతో రాయిని గీకి, ఆ పొడి మీద వెనిగర్ చుక్క వేస్తారు. సున్నపురాయైతే బుడగలొస్తాయి. యాసిడ్ సీసా మాత్రం పెద్దవాళ్ళ చేతిలోనే ఉంటుంది, బల్ల మీద పెట్టం.

ప్రతి రాయికీ ఒక చీటీ. పేరు, ఊరు, రాయి ఎక్కడ దొరికింది. ఈ మూడోదే మాకు ముఖ్యం, జనం అబద్ధం చెప్పేదీ అక్కడే. ఇంకెవరైనా పోయి తవ్వుకుంటారని భయం. ఒకాయన "రోడ్డు పక్కన" అని రాశాడు, ఏ రోడ్డండీ అంటే "అదే, పోయే రోడ్డు" అన్నాడు. ఇంక బలవంతపెట్టలేదు. నాలుగోసారి వచ్చినప్పుడు తనే వచ్చి సరైన ఊరు పేరు చెప్పి వెళ్ళాడు.

ధర ఎప్పుడూ చెప్పం. ఎవరెంత అడిగినా. రాయి పేరు చెప్తాం, ఎలా పుట్టిందో చెప్తాం, అంతటితో ఆపుతాం. ఈ ఒక్క నియమం లేకపోతే మూడో నెలకి మా గుమ్మం ముందు బ్రోకర్లు కూర్చునేవాళ్ళు.

మొదటి రాళ్ళ ఆదివారానికి 70 మందికి పైగా వచ్చారు. సగానికి పైగా సభ్యులు కానివాళ్ళు. ట్రస్టు సమావేశంలో ఒకాయన అడిగాడు, సభ్యుల కార్యక్రమం కదా, కట్టనివాళ్ళనెందుకు రానిచ్చారని. న్యాయమైన ప్రశ్నే. చివరికి ఒక పద్ధతి పెట్టుకున్నాం. వచ్చి రాయి చూపించుకోవడం అందరికీ, సాయంత్రం టిఫిన్‌తో పాటు ఆ రోజు వచ్చిన రాళ్ళ మీద జరిగే కబుర్లు సభ్యులకి. మధ్యాహ్నం రాయి తెచ్చినవాళ్ళు సాయంత్రం దాని గురించి ఏమంటారో వినాలని అక్కడికక్కడే సభ్యత్వం తీసుకోవడం మొదలైంది. అప్పటిదాకా మేం ఏ బ్రోచర్ వేసినా జరగని పని.

రానివ్వకూడనివి

రెండో రాళ్ళ ఆదివారం నాడు నాకు నిజంగా టెన్షన్ వచ్చింది. ఒక అబ్బాయి పులివెందుల వైపు నుంచి పాలిథిన్ కవర్లో ఏదో తెచ్చాడు, ఆకుపచ్చ రాయి మధ్యలో తెల్లటి పట్టులాంటి నార, వేలితో లాగితే పోగులు పోగులుగా వస్తోంది. లాగుతూనే ఉన్నాడు, చుట్టూ పిల్లలు. అది రాతినార, అదే ఆస్‌బెస్టాస్. పులివెందుల ప్రాంతంలో దాని గనులుండేవి. చూడ్డానికి ముద్దొస్తుంది, ఆ పోగు గాల్లో కలిసి ఊపిరితిత్తుల్లోకి పోతే మాత్రం ఏళ్ళ తర్వాత ప్రాణం మీదికి తెస్తుంది. పిల్లల్ని బయటికి పంపి, రాయి మీద నీళ్ళు చల్లి, రెండు కవర్లలో పెట్టి టేప్ వేశాను, బల్ల తడిగుడ్డతో తుడిచాం. చీపురు పట్టనివ్వలేదు, ఊడిస్తే లేస్తుంది కాబట్టి. ఇప్పుడు గుమ్మం దగ్గరే ఒక బొమ్మ అతికించాం, నారలాగా ఉన్న రాయైతే కవర్ విప్పకండి అని.

ఇంకోటి చట్టం. ఒక పెద్దాయన ఎంతో ఆప్యాయంగా గోనెసంచిలో కృష్ణజింక కొమ్ములు తెచ్చాడు, మెలికలు తిరిగినవి, వాళ్ళ నాయన కాలం నాటివి, మ్యూజియానికి ఇద్దామని. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అలాంటివి ఇంట్లో ఉండాలంటే యాజమాన్య ధ్రువపత్రం ఉండాలి. 2003లో ప్రభుత్వం 180 రోజులు గడువిచ్చి, ఉన్నవాళ్ళు చెప్పుకోండి అంది, అప్పుడు చెప్పుకోనివాళ్ళే ఎక్కువ. మేం తీసుకోలేం, ముట్టుకోలేం, ఆయన్ని దొంగలా చూడనూ లేం. పక్కకి తీసుకెళ్ళి టీ ఇచ్చి, అటవీ శాఖ కార్యాలయంలో తనంతట తాను చెప్పుకోవడమే మంచిదని నెమ్మదిగా చెప్పాను. నొచ్చుకున్నాడు. మళ్ళీ రాలేదు. ఆ తర్వాత నుంచి పోస్టర్ మీద రెండో వాక్యం చేరింది: కొమ్ములు, గోళ్ళు, చర్మాలు, ఎర్రచందనం ముక్కలు తేవద్దు. మొదటి పోస్టర్‌లోనే ఆ వాక్యం ఉండి ఉంటే ఆ పెద్దాయన ఇప్పటికీ మా సభ్యుడే.

మా లేబుల్ తప్పు

ఇది కాస్త సిగ్గుపడాల్సిన భాగం. మా రెండో గదిలో గోడకి ఒక నల్ల నాపబండ పలక ఉండేది. దాని మీద సన్నని కొమ్మలు కొమ్మలుగా, అచ్చం ఫెర్న్ ఆకు అద్దినట్టు. కింద లేబుల్: "మొక్క శిలాజం, కడప జిల్లా". మ్యూజియంలో ఎక్కువ ఫోటోలు తీసుకునేది దాని ముందే. మా సభ్యత్వ కార్డు మీద కూడా దాని బొమ్మే.

రాళ్ళ ఆదివారాల్లో ఇలాంటి పలకలే జనం బోలెడు తెచ్చారు. ఎర్రగుంట్ల నుంచి, ముద్దనూరు నుంచి, జమ్మలమడుగు నుంచి. మేం అందరికీ శిలాజమని చెప్పి పంపలేదు గానీ, మా గోడ చూపించి "ఇదిగో, ఇలాంటిదే" అనేవాళ్ళం, అదీ అంతే. ఒక రోజు బండల క్వారీలో ముప్పయ్యేళ్ళు పనిచేసిన మేస్త్రి ఒకాయన మనవడి కోసం వచ్చాడు. గోడ దగ్గర ఆగి, లేబుల్ మనవడితో చదివించుకుని, నన్ను పిలిచాడు.

"ఇది చెట్టు కాదు సార్. చెమ్మ పోయిన దారి."

"అంటే?"

"బండ చీలుస్తాం కదా, పొర మధ్యలో యాడ సందుంటే ఆడ చెమ్మ దిగతాది. నల్లగా పారతాది. రోజూ చూస్తాం. చెట్టయితే ఒక్కో పొరలో ఒక్కో రకం ఉండాల కదా, ఇది యాడ చూసినా ఇట్నే ఉంటాది."

నేను భూతద్దం తెచ్చి మొదటిసారి సరిగ్గా చూశాను. ఈనె లేదు. కాడకి మందం లేదు. రాయి లోపలికి పోలేదు, చీలిన ముఖం మీదే సిరా చల్లినట్టుంది. మాంగనీస్, ఇనుము కలిసిన నీళ్ళు సన్న చీలికలోకి పాకి, ఆరిపోయి మిగిల్చిన మరక అది. అంతకంటే సిగ్గయిన సంగతి ఇంకోటుంది. ఆ నాపరాళ్ళు ఏర్పడ్డ కాలానికి నేల మీద మొక్కలే లేవు. నేల మీద మొక్కలు పుట్టి సుమారు 47 కోట్ల ఏళ్ళు, ఈ బండలు అంతకంటే పాతవి. భూగర్భశాస్త్రం చదివినవాళ్ళు ఎంతమంది ఆ గోడ ముందు నుంచి నడిచి వెళ్ళారో లెక్కలేదు.

ట్రస్టులో ఒకరిద్దరు లేబుల్ చప్పుడు చెయ్యకుండా మార్చేద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు. సభ్యుల సాయంత్రం పెట్టి, పేరే "మా లేబుల్ తప్పు" అని పెట్టాం. మేస్త్రిని కుర్చీ వేసి కూర్చోబెట్టి, మూడు కొత్త బండలు తెప్పించి, ఉలీ సుత్తీ ఇచ్చాం. ఆయన సభ్యుల ముందే పొర పట్టి చీల్చాడు. రెండో బండలో నల్ల కొమ్మలు బయటపడ్డాయి, ఎవరో చప్పట్లు కొట్టారు. పొరల తేడాలకి వాళ్ళ దగ్గర వాళ్ళ మాటలున్నాయి, సుత్తి మోగే శబ్దాన్ని బట్టి లోపల పగులుందో లేదో చెప్పేస్తాడు. గంటన్నర అనుకున్నది మూడు గంటలైంది. ఆ రాత్రి టీ గురించి ఎవరూ అడగలేదు.

నాకు ఈ మూడేళ్ళలో తెలిసిందంతా ఆ రాత్రిలోనే ఉంది. ఈ ఊళ్ళో జనం రాళ్ళ మధ్యే బతుకుతున్నారు, రాళ్ళ మీద తింటున్నారు. వాళ్ళ చేతిలో ఉన్నదానికి మేం పేరు చెప్పాలి, పేరు మాకు తప్పుగా తెలిస్తే వాళ్ళు చెప్పాలి. సభ్యత్వమంటే అదే అనుకున్నాక కార్యక్రమం ఏం పెట్టాలా అని తల పట్టుకోవడం తగ్గింది.

దానికి కొనసాగింపుగా వచ్చిందే చాకిరేవు బండ. వేంపల్లె దగ్గర ఉండే ఒక సభ్యురాలు తన పెరట్లో బట్టలుతికే బండ ఫోటో పంపింది, "సార్, దీంట్లో ఉల్లిగడ్డ కోసినట్టు గీతలున్నాయి, ఇది కూడా చెమ్మేనా?" అని. చెమ్మ కాదు. అది స్ట్రొమాటొలైట్. లోతు తక్కువ సముద్రంలో జిగురు చాపల్లా పరుచుకున్న సూక్ష్మజీవులు మట్టిని పట్టుకుంటూ పొర మీద పొర కట్టిన గుమ్మటాలు. వేంపల్లె పొరల కంటే పైనున్న పొరల్లోకి తర్వాత చొచ్చుకొచ్చిన అగ్నిశిలకే దాదాపు 188 కోట్ల ఏళ్ళని తేలింది, కాబట్టి ఆమె చీరలు బాదుతున్న బండ వయసు అంతకంటే ఎక్కువే. బండ మ్యూజియానికి రాదు కాబట్టి మ్యూజియమే అక్కడికి వెళ్ళింది. 14 మందిమి రెండు ఆటోలు, ఒక కారు. ఆమె ఉగ్గాని, బజ్జీ చేసి పెట్టింది. బండని తడిపితే గీతలు బాగా కనబడతాయని ఆమే బిందెతో నీళ్ళు పోసి చూపించింది. ఇవ్వమని మేం అడగలేదు, ఆమె ఇస్తాననలేదు. ఇప్పటికీ దాని మీదే ఉతుకుతోంది.

అమావాస్య గొడవ

రాళ్ళతో పాటు పురుగులు కూడా మొదలుపెట్టాం. రాత్రి మేడ మీద తెల్ల దుప్పటి కట్టి, దాని ముందు పెద్ద బల్బు పెడితే రెక్కల పురుగులు వచ్చి వాలతాయి. చీకటి ఎంత ఎక్కువుంటే అంత బాగా వస్తాయి, కాబట్టి పుస్తకం ప్రకారం అమావాస్య మంచిది. అలాగే ప్రకటించాను. ఫోన్లు మొదలయ్యాయి. "అమావాస్య రాత్రి పిల్లల్ని బయటికి ఎట్లా తీసుకొస్తాం సార్?" నేను శాస్త్రం చెప్పబోయాను, మా ఆవిడ నా చేతిలోంచి ఫోన్ లాక్కుని "తదియకి మారుస్తాం లేమ్మా" అంది. తదియ నాటి చంద్రుడు పొద్దు గుంకిన రెండు మూడు గంటల్లోపే పడిపోతాడు, అప్పటిదాకా భోజనాలు పెట్టుకుంటే సరిపోతుంది. పురుగులకి తేడా పడలేదు, మనుషులకి పడింది.

ఆ రాత్రి వాన కురిసి వెలిసింది. తెల్ల రెక్కలకి ముందంచున పసుపు చార ఉన్న పురుగులు దుప్పటి నిండా. నేను జాబితాలో పేరు వెతుకుతుంటే, ఒక సభ్యుడితో వచ్చిన వాళ్ళ నాయన, అనంతపురం వైపు శనక్కాయ రైతు, దగ్గరికొచ్చి చూసి "ఓర్నీ, ఇది ఎర్ర గొంగళిది" అన్నాడు. తొలి వానకి నేలలోంచి ఈ రెక్కల పురుగులు లేస్తాయి, గుడ్లు పెడతాయి, వారం పది రోజుల్లో గొంగళ్ళు చేను మీద పడి ఆకు మిగల్చవు. అందుకే వాన పడ్డ రాత్రి ఊరంతా పొలం గట్ల మీద మంటలు వేసేవాళ్ళని, పురుగులొచ్చి మంటలో పడేవని చెప్పాడు. మా దుప్పటీ బల్బూ ఆయన మంటా ఒకటే ఉపాయం. ఆయన చెప్తుంటే పిల్లలు దుప్పటి వదిలి ఆయన చుట్టూ చేరారు.

తేదీల సంగతి వచ్చింది కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. పెళ్ళి ముహూర్తాలున్న రోజు ఏదీ పెట్టకండి. రంజాన్ నెలలో సాయంత్రాలు పెట్టకండి, మేం ఒకసారి పెట్టి మా ముస్లిం సభ్యుల్లో ఒక్కరు కూడా రాలేకపోతే అప్పుడు బుద్ధొచ్చింది, కడపలో ఉంటూ ఈ తప్పు చేయడానికి క్షమ లేదు. పెద్ద దర్గా ఉరుసు రోజులు చూసుకోండి. ఏప్రిల్, మే నెలల్లో పగలు ఏదీ వద్దు. వాట్సాప్‌లో వేలు గుర్తు పెట్టినవాళ్ళలో సగం వస్తారు, పెట్టనివాళ్ళు నలుగురేసి వస్తారు.

కలివి కోడి లేని కలివి కోడి రాత్రి

సభ్యులు ఎప్పటి నుంచో అడుగుతున్నది శ్రీలంకమల్లేశ్వరం అడవికి తీసుకెళ్ళి కలివి కోడిని చూపించమని. కుదరదు. 1848లో జెర్డాన్ అనే బ్రిటిష్ వైద్యుడు లోకానికి చెప్పిన పక్షి, 1900 తర్వాత ఎవరికీ కనబడక అంతరించిందనే అనుకున్నారు, 1986 జనవరిలో మన జిల్లాలోనే రెడ్డిపల్లె దగ్గర మళ్ళీ దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ వెతుకుతుంటే, స్థానిక వేటగాడు ఐతన్న రాత్రి లైటు వేసి పట్టుకున్నాడు. తిరిగేది రాత్రిళ్ళు, కలివి పొదలూ ముళ్ళ చెట్లూ పలచగా ఉండే చోట. అలాంటి చోటికి 30 మందిని టార్చిలైట్లతో తీసుకెళ్ళడమంటే అది సభ్యుల కార్యక్రమం కాదు, దానికి మనమే కీడు చేసినట్టు.

అందుకని పరిశోధకులు దాన్ని ఎలా వెతికారో అది చేయించాం. వాళ్ళు పొదల మధ్య మెత్తటి మట్టి పట్టీలు పరిచి, పొద్దున్నే వచ్చి అడుగుల గుర్తులు చూసేవాళ్ళు. మేం మ్యూజియం వెనక ఖాళీ స్థలంలో మట్టి జల్లించి మూడు పట్టీలు పరిచి, రాత్రి భోజనాలయ్యాక సభ్యుల్ని ఇళ్ళకి పంపి, పొద్దున ఆరింటికి రమ్మన్నాం. కుక్క, పిల్లి, పందికొక్కు, గోరింక, ఇంకా ఒక చెప్పు గుర్తు, అది వాచ్‌మన్‌ది. కలివి కోడి పాదానికి ముందు మూడు వేళ్ళే, వెనక వేలు లేదు, గోరింక గుర్తులో వెనక వేలు స్పష్టంగా ఉంటుంది. ఆ తేడా పిల్లలు ఐదు నిమిషాల్లో పట్టేశారు. ఇంటికెళ్ళి పెరట్లో సొంతంగా పట్టీలు వేసి ఫోటోలు పంపడం మొదలుపెట్టారు. ఆ రాత్రి భోజనంలో కలివికాయ పచ్చడి ఉంది, అది మాత్రం కావాలని పెట్టించిందే.

గండికోట

ఇది పనిచెయ్యలేదు, పొడిగించను. బస్సు మాట్లాడాం, గంటన్నర ఆలస్యంగా వచ్చింది. చేరేసరికి ఎండ నెత్తి మీదికి వచ్చింది. పెన్న లోయ అంచున అలల ముద్రలున్న బండ చూపించి ఒకప్పటి తీరం గురించి చెప్దామనుకుంటే సభ్యుల్లో సగం మంది సెల్ఫీలకి, మిగతా సగం నీడకి పోయారు. తప్పు వాళ్ళది కాదు, గండికోట అంత అందంగా ఉన్నాక రాయి మీది గీత ఎవరు చూస్తారు? పైగా దిగేటప్పుడు చూస్తే ఒకతని సంచిలో అక్కడి రాళ్ళు ఐదారు. రాళ్ళు పట్టుకురండి అని నేర్పింది మేమే. అప్పటి నుంచి చీటీ వెనక అచ్చు వేయించాం, కోటల్లోంచి, గుహల్లోంచి, అడవుల్లోంచి తేవద్దు, మీ ఇంట్లో, మీ చేలో ఉన్నదే తెండి.

డబ్బు సంగతి. కార్యక్రమాల ఖర్చులో పెద్దది టిఫిన్, తర్వాత చీటీల అచ్చు, వక్తకి ఇచ్చేది మూడోది. సమోసాలు మానేసి కారం దోశ బండివాడిని లోపలికే పిలిచాం, ఎన్ని తింటే అన్నింటికి డబ్బు, మిగలడం అనేది లేదు. ఫీజు 500 నుంచి 200కి తగ్గించాం, ట్రస్టు భయపడింది. క్వారీ వాళ్ళు, ఆటోవాళ్ళు చేరింది ఆ తర్వాతే, కలిపి చూస్తే వసూలు తగ్గలేదు. మళ్ళీ కట్టమని నేను ఫోన్లు చెయ్యడం మానేశాను. రాళ్ళ ఆదివారం నాడు గుమ్మం దగ్గర రసీదు పుస్తకం పెడతాం, అంతే. ఆడవాళ్ళు ఒంటరిగా సాయంత్రం కార్యక్రమాలకి రావడం మాత్రం ఇంకా తక్కువే, పొద్దున పెట్టినవాటికి వస్తున్నారు, దీనికింకా దారి వెతుకుతున్నాం.

గోడ మీది పలక అక్కడే ఉంది. పాత లేబుల్ తియ్యలేదు, దాని మీద ఒక గీత కొట్టి కింద కొత్తది పెట్టాం: "చెమ్మ పోయిన దారి. మాంగనీస్, ఇనుము మరక. మొక్క కాదు." మొదటి మాట మేస్త్రిదని పక్కన రాయించబోతే పేరు వద్దన్నాడు, "బండల మేస్త్రి అని రాయండి సార్, చాలు" అన్నాడు. అలాగే రాశాం.

వచ్చే రాళ్ళ ఆదివారానికి పోస్టర్లు అంటించేశాక తెలిసింది, ఆ రోజు ఊళ్ళో పెళ్ళిళ్ళు బాగా ఉన్నాయట, ఈసారి పంచాంగం చూడ్డం నేనే మర్చిపోయాను. మార్చమంటారా అని గ్రూపులో అడిగాను. బట్టల షాపాయన పెళ్ళి భోజనం చేసుకుని మూడింటికల్లా వస్తానని, అప్పటిదాకా పేరు తెలియని బల్ల తియ్యొద్దని రాశాడు.